డబ్బు చేతికి అందిందా? ప్రజాసేవను మార్చే ముందు ఏ ఆధారాన్ని ఎంచుకోవాలి

మిరప కోతల కాలం. పంచాయతీ కార్యాలయం అరుగు మీద బల్ల వేసుకుని పింఛన్లు పంచుతున్నారు. వరుసలో ముప్పై నలభై మంది ఉంటారు. డెబ్భై దాటిన ఒక అవ్వ వంతు వచ్చింది. బొటనవేలు పెట్టింది, యంత్రం ఒప్పుకోలేదు. కొంగుతో తుడుచుకుని మళ్లీ పెట్టింది. చూపుడు వేలు, ఉంగరపు వేలు, ఆ తర్వాత ఎడమ చేయి. ఏళ్ల తరబడి కాయలు తెంపిన వేళ్లు, గీతలు అరిగిపోయి నున్నగా ఉన్నాయి. "సాయంత్రం రా అవ్వా, ఇప్పుడు ముద్ర పడటం లేదు" అన్నాడు ఉద్యోగి, మర్యాదగానే. సాయంత్రం సిగ్నల్ లేదు. మర్నాడు యంత్రం పక్క ఊరికి వెళ్లింది. మూడో రోజు డబ్బు చేతికి వచ్చింది.

నెలాఖరున ఆ ఊరి పంపిణీ లెక్క చూశాను. ఆమె పేరు ఎదురుగా "చెల్లింపు పూర్తయింది" అని ఉంది. అది అబద్ధం కాదు. ఆ మూడు రోజుల నడకను, పోయిన రెండు కూలి దినాలను రాసే గడి మాత్రం ఆ పట్టికలో ఎక్కడా లేదు.

అప్పట్లో నేను సర్వే పని మీద ఊళ్లు తిరుగుతున్నాను. ఈ వ్యాసం అప్పటి అనుభవంతోనూ, ఆ తర్వాత చదివిన పరిశోధనలతోనూ రాస్తున్నాను. మీరు సర్పంచి కావచ్చు, మండల కార్యాలయ ఉద్యోగి కావచ్చు, స్వచ్ఛంద సంస్థలో ఉండవచ్చు, విలేకరి కావచ్చు. ఒక సేవను మార్చాలన్నా, ఆపాలన్నా, పక్క ఊరికి విస్తరించాలన్నా "ఆధారం ఏమిటి" అని అడుగుతారు. ఆధారాల్లో చాలా రకాలున్నాయి. ఒక్కోటి ఒక్కో ప్రశ్నకే పనికొస్తుంది. తప్పుడు రకాన్ని ఎంచుకుంటే, ఎంత శ్రద్ధగా సేకరించినా అది మనల్ని పక్కదారి పట్టిస్తుంది.

ముందు ప్రశ్న తేల్చుకోండి

నన్ను ఎవరైనా సలహా అడిగితే మొదట రెండు సంగతులు తేల్చమంటాను. ఈ సమాచారం చేతికొచ్చాక మీరు తీసుకోబోయే నిర్ణయం ఏమిటి? ఆ నిర్ణయం తప్పయితే నష్టపోయేది ఎవరు?

సేవ అందుతోందా లేదా అన్నది ఒక ప్రశ్న. ఎందుకు అందడం లేదన్నది మరొకటి. కొత్త పద్ధతి పాతదానికంటే మేలా అన్నది పూర్తిగా వేరే ప్రశ్న. వేరే రాష్ట్రంలో ఫలించినది మన దగ్గర ఫలిస్తుందా అన్నది నాలుగోది, అన్నింటికంటే జారుడుగా ఉండేది. మొదటి ప్రశ్నకు తెచ్చిన జవాబును మూడో ప్రశ్నకు అతికించడం సమావేశాల్లో తరచూ చూస్తాం. "మన మండలంలో 96 శాతం చెల్లింపులు వేలిముద్రతోనే జరుగుతున్నాయి, కాబట్టి వేలిముద్ర పద్ధతి విజయవంతం" అంటారు. వేలిముద్ర తప్ప వేరే దారి లేకుండా చేస్తే చెల్లింపులన్నీ వేలిముద్రతోనే జరుగుతాయి. ముద్ర పడక వెనుదిరిగిన వాళ్లు ఆ 96లోనూ లేరు, మిగిలిన నాలుగులోనూ లేరు.

కార్యాలయ లెక్కలా, ఇంటింటి సర్వేనా?

ఎక్కువమందికి ఎదురయ్యే ఎంపిక ఇదే. ఒక పక్క కంప్యూటర్‌లో సిద్ధంగా ఉన్న లెక్కలు. ఖర్చు లేదు, ఊరూరి అంకెలు ఉంటాయి, ప్రతిరోజూ మారుతుంటాయి. మరో పక్క ఇళ్లకు వెళ్లి అడిగే నమూనా సర్వే. దానికి డబ్బు కావాలి, మనుషులు కావాలి, నెలలు పడుతుంది.

ఎన్ని బస్తాలు గోదాము నుంచి కదిలాయి, ఏ రోజు ఎంత జమ అయింది, ఏ మండలంలో చెల్లింపులు ఆలస్యమవుతున్నాయి అనే ప్రశ్నలకు కార్యాలయ లెక్కలే వాడండి. వాటికోసం సర్వే చేయడం వృథా. అయితే అంకెను నింపేవారికీ, ఆ అంకె బాగుంటే పేరొచ్చేవారికీ మధ్య దూరం లేనిచోట ఆ లెక్క మీదే ఆధారపడకూడదు. స్వచ్ఛ భారత్ దీనికి మంచి ఉదాహరణ. 2018 ద్వితీయార్ధం నాటికి గ్రామాల్లో మరుగుదొడ్లు దాదాపు అందరికీ అందాయని అధికారిక లెక్కలు చూపాయి. అదే ఏడాది జాతీయ నమూనా సర్వే 76వ విడతలో, మరుగుదొడ్డి అందుబాటులో ఉందని చెప్పిన గ్రామీణ కుటుంబాలు 71.3 శాతం. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలోనూ 19 శాతం కుటుంబాలు ఏ మరుగుదొడ్డీ వాడటం లేదని తేలింది. కార్యక్రమం వల్ల మేలు జరగలేదని దీని అర్థం కాదు, పదేళ్ల కిందటి పరిస్థితితో పోలిస్తే మార్పు చాలా పెద్దది. కట్టిన దొడ్లను లెక్కపెట్టడం ఒక పని, వాడుతున్న మనుషులను లెక్కపెట్టడం మరో పని. తర్వాతి దశలో నీటి వసతికి ఖర్చు పెట్టాలా, కొత్త నిర్మాణాలకు పెట్టాలా అన్నది తేల్చాల్సినప్పుడు ఈ తేడాయే ముఖ్యం.

సర్వేకూ హద్దులున్నాయి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే జిల్లా స్థాయి వరకే అంకెలిస్తుంది. తెలంగాణలో 60.7 శాతం కాన్పులు శస్త్రచికిత్సతో జరిగాయని 2019–21 విడతలో అదే చెప్పింది. ఆ అంకె చూసి రాష్ట్రం మొత్తం ఉలిక్కిపడాలి, పడింది కూడా. మీ మండలంలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఏం మార్చాలో మాత్రం అది చెప్పలేదు.

అడిగే తీరు గురించి ఒక మాట. "పింఛను సరిగ్గా వస్తోందా అమ్మా?" అని అడిగితే వందకు తొంభై మంది "వస్తోంది బాబూ" అంటారు. చేతిలో కాగితాలతో వచ్చినవాడికి ఇచ్చే మర్యాదపూర్వక జవాబు అది. అదే మనిషిని "పోయిన నెల ఏ తారీఖున ఇచ్చారు? ఎక్కడ ఇచ్చారు? ఎన్నిసార్లు వెళ్లారు? చేతికి ఎంత వచ్చింది?" అని విడివిడిగా అడగండి. "నాలుగు నోట్లు ఇచ్చారు, చిల్లర లేదని ఒకటి ఉంచుకున్నారు" అని నిదానంగా బయటకొస్తుంది. ఫిర్యాదు చేయమంటే ఆమె చేయదు. జరిగింది చెప్పమంటే చెబుతుంది.

రెండు రాష్ట్రాలు, ఒకే వేలిముద్ర

కొత్త పద్ధతి పాతదానికంటే మేలా అని తేల్చడానికి అన్నింటికంటే గట్టి జవాబిచ్చేది లాటరీ పద్ధతి. కొన్ని మండలాలను చీటీ తీసినట్టు ఎంపిక చేసి అక్కడ ముందు ప్రవేశపెట్టడం, మిగతాచోట్ల ఆలస్యంగా ప్రవేశపెట్టడం, ఈలోగా రెంటినీ పోల్చడం. దీనికి ప్రపంచవ్యాప్తంగా చెప్పుకునే ఉదాహరణల్లో ఒకటి మన నేల మీదే జరిగింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2010–12 మధ్య ఉపాధి హామీ కూలికీ, సామాజిక పింఛన్లకూ వేలిముద్రతో పనిచేసే స్మార్ట్‌కార్డులు తెచ్చారు. కార్తీక్ మురళీధరన్, పాల్ నీహాస్, సందీప్ సుఖ్తాంకర్ అనే ఆర్థికవేత్తలు ప్రభుత్వంతో కలిసి, 8 జిల్లాల్లో ఏ మండలం ముందు, ఏది తర్వాత అనే వరుసను లాటరీతో నిర్ణయించారు. 112 మండలాల్లో ముందు ప్రవేశపెట్టారు, 45 మండలాలు చివరిదాకా ఆగాయి. ఆ 157 మండలాల జనాభా దాదాపు 1.9 కోట్లు.

రెండేళ్ల తర్వాత ఇళ్లకు వెళ్లి అడిగారు. కార్డులు వచ్చిన మండలాల్లో కూలి 29 శాతం తొందరగా అందుతోంది. డబ్బు తీసుకోవడానికి పట్టే సమయం ప్రతిసారీ 22 నిమిషాలు తగ్గింది. ఉపాధి పని మీద కుటుంబాలకు చేరే ఆదాయం 24 శాతం పెరిగింది. పక్కదారి పట్టే సొమ్ము 41 శాతం తగ్గింది.

ఇందులో నన్ను ఇప్పటికీ ఆపి ఆలోచింపజేసే సంగతి వేరే ఉంది. ప్రభుత్వం ఖర్చు రాసుకున్న మొత్తం ఏమీ మారలేదు. మస్టర్ల (కూలీల హాజరు పట్టీల) ప్రకారం కార్డులున్న మండలానికీ లేని మండలానికీ చెల్లింపుల్లో తేడా లేదు. ఇంతకుముందు దొంగ మస్టర్ల రూపంలో మధ్యలో పోయిన డబ్బు ఇప్పుడు కూలీల చేతికి వెళ్లింది, అంతే. అంటే కార్యాలయ లెక్కలు మాత్రమే చూసినవాడికి ఈ పథకం వల్ల ఏ మార్పూ రాలేదనిపించేది. ఇంత పెద్ద మేలు ఇంటి గడప దగ్గర అడిగినప్పుడు మాత్రమే కనబడింది.

పైగా ఆ సమయంలో పై అధికారులకు చేరుతున్నవన్నీ ఫిర్యాదులే. యంత్రాలు పనిచేయడం లేదు, కార్డులు రాలేదు, పాత పద్ధతే నయం అన్నవే. ఆగిపోయిన మామూళ్ల వల్ల నష్టపోయినవారికి గొంతు ఉంది, దారి తెలుసు. లాభపడిన కూలీ కలెక్టరు దగ్గరికి వెళ్లి "బాగుంది" అని చెప్పడు. పథకాన్ని ఆపే ఆలోచన కూడా వచ్చింది. కూలీలూ పింఛనుదారులూ అత్యధికంగా కొత్త పద్ధతినే కోరుకుంటున్నారని సర్వే చూపడం ఆ ఆలోచన ఆగడానికి ఒక కారణమైంది. సోమవారం అర్జీల పెట్టె చూసి సేవను అంచనా వేసేవారు ఈ ఉదంతాన్ని గుర్తుంచుకోవాలని నా కోరిక. అర్జీలు ఒక్కొక్క మనిషి సమస్యను తీర్చడానికి ఉన్నాయి. ఊరంతటి అభిప్రాయం వాటిలో ఉండదు.

అయితే ఇక్కడ ఆగి "వేలిముద్ర మంచిది" అని రాసుకుంటే పెద్ద పొరపాటు. అవే పరిశోధకులు జార్ఖండ్‌లో 2016–17లో రేషన్ దుకాణాలకు ఆధార్ వేలిముద్ర తెచ్చినప్పుడు మళ్లీ లాటరీ పద్ధతిలోనే పరిశీలించారు. మొదటి దశలో పక్కదారి పట్టే సరుకు తగ్గలేదు. రేషన్ కార్డుకు ఆధార్ జత కాని కుటుంబాలకు అందే సరుకు విలువ సగటున 10 శాతం పడిపోయింది. తర్వాత యంత్రంలోని నిల్వ లెక్కల ప్రకారం డీలర్లకు సరఫరా తగ్గించినప్పుడు ప్రభుత్వానికి ఖర్చు తగ్గింది, ఆ తగ్గుదలలో కొంత భాగం పేదల సంచి నుంచే పోయింది.

పేరుకు ఒకే పరికరం, ఫలితాలు రెండు దారులు. ఎందుకు? ఆంధ్రప్రదేశ్‌లో కార్డు లేనివారికి పాత పద్ధతిలో చెల్లించడం ఆపలేదు. చెల్లింపు చోటు కూడా మారింది. దూరాన ఉన్న పోస్టాఫీసుకు బదులు అదే ఊళ్లో, ఎక్కువగా స్వయం సహాయక సంఘంలోని మహిళ చేతుల మీదుగా డబ్బు అందింది. సమయం ఆదా కావడానికి ప్రధాన కారణం ఈ ఏర్పాటు, దొంగ చెల్లింపులు తగ్గడానికి కారణం వేలిముద్ర. జార్ఖండ్‌లో వేలిముద్ర తప్పనిసరి, లేకపోతే సరుకు లేదు. కాబట్టి ఎవరైనా "సాంకేతికత పనిచేస్తుందని రుజువైంది" అంటే ఏ నియమాలతో, ఎవరికి ఏ మినహాయింపుతో, ఎంత దూరంలో అని అడగండి. అడగనిచోట రుజువులో సగమే మన దగ్గరికి వచ్చినట్టు.

లాటరీ పద్ధతి మీద నాకు మొదట్లో ఒక బాధ ఉండేది. కొందరికి ఇచ్చి కొందరికి ఇవ్వకుండా చూడటం న్యాయమా అని. ఇప్పటి నా అభిప్రాయం ఇది. అందరికీ ఒకేసారి ఇవ్వగలిగినదాన్ని పోల్చడం కోసం ఆపకూడదు, టీకాలు, బియ్యం లాంటి వాటి విషయంలో ఆ మాటే ఎత్తకూడదు. యంత్రాలు, సిబ్బంది, డబ్బు చాలక ఎలాగూ దశలవారీగానే వెళ్లాల్సివస్తే, ఎవరు ముందు అన్నది సిఫారసు కంటే చీటీ తేల్చడమే న్యాయం. ఆరోగ్యశ్రీ 2007లో మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలైంది. వెనుకబాటు చూసి ఎంచుకున్నప్పుడు సేవకు అది సరైన దారే. కానీ ఆ జిల్లాలను మిగతా జిల్లాలతో నేరుగా పోల్చి పథకం ప్రభావం ఇంత అని చెప్పలేం. మొదటినుంచీ వాటి పరిస్థితే వేరు కదా.

ఒక మండలం, ఒక పంచాయతీ స్థాయిలో లాటరీ పద్ధతి మీకు అక్కరలేదు. చాలినన్ని ఊళ్లు ఉండవు. రాష్ట్ర స్థాయిలో కోట్లు ఖర్చుచేసే మార్పుకు మాత్రం ఇది చేయకపోవడమే దుబారా.

సామాజిక తనిఖీ

ఎందుకు అందడం లేదు, ఎవరి దగ్గర ఆగింది అన్న ప్రశ్నకు సర్వే కంటే సామాజిక తనిఖీ మెరుగు. రాజస్థాన్‌లో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ అనే కూలీల, రైతుల సంఘం 1990లలో నడిపిన జన సునవాయీల (బహిరంగ విచారణల) నుంచి పుట్టిన పద్ధతి ఇది. దాన్ని 2006 నుంచి ప్రభుత్వ యంత్రాంగంలో భాగంగా పెద్దఎత్తున నడిపింది ఉమ్మడి ఆంధ్రప్రదేశే. 2009లో దీనికోసం ప్రత్యేక సంస్థ కూడా ఏర్పడింది. కూలీల కుటుంబాల యువతీ యువకులకు శిక్షణ ఇస్తారు. వాళ్లు మస్టర్ల నకళ్లు పట్టుకుని ఇంటింటికీ వెళతారు. "ఈ వారంలో నువ్వు ఆరు రోజులు చెరువు పనికి వెళ్లినట్టు ఉంది, వెళ్లావా?" అని చదివి వినిపిస్తారు. గ్రామసభలో ఒకసారి, మండలంలో ప్రజావేదిక మీద మరోసారి అందరి ముందూ చదువుతారు.

దీని బలం అంకెల్లో లేదు. చచ్చిపోయిన తాత పేరు మీద పడిన మస్టరును అతని మనవడు విని లేచి నిలబడే క్షణంలో ఉంది. ఏ నమూనా సర్వే ఆ పేరును, ఆ వారాన్ని, ఆ సంతకాన్ని పట్టుకోదు.

బలహీనత కూడా తెలుసుకోవాలి. ఫర్జానా అఫ్రీది, వెగార్డ్ ఐవర్సెన్ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ తనిఖీ నివేదికలనే 2006–10 కాలానికి పరిశీలించారు. తనిఖీలు పదే పదే జరిగినా అక్రమాలు మొత్తంగా తగ్గిన దాఖలా కనిపించలేదు, వాటి రూపం మారింది. కూలీ డబ్బులో సులువుగా దొరికే మోసాలు తగ్గితే, సామగ్రి బిల్లుల్లో పట్టుకోవడం కష్టమైనవి పెరిగాయి. తేలిన సొమ్ములో తిరిగి వసూలైనది చాలా తక్కువ. అందుకని మీరు సామాజిక తనిఖీని ఎంచుకుంటే, తేలినదాని మీద చర్య తీసుకునే అధికారి ఎవరు, గడువు ఎంత అన్నది ముందే రాయించుకోండి. లేదంటే ప్రజావేదిక మీద లేచి మాట్లాడిన కూలీకి పగ మిగులుతుంది, ఊరికి ఏమీ మిగలదు. నష్టం ఎవరికి అని మొదట అడగమన్నది ఇందుకే.

స్వయంగా వెళ్లి చూడటం, ఒక ఊళ్లో ప్రయత్నించి చూడటం

ఆకస్మిక తనిఖీ మన పాలనలో చాలామందికి ఇష్టమైన ఆధారం. వరుసలో నిలబడి చూడటం వల్లే నాకు ఆ అవ్వ కథ తెలిసింది, కాబట్టి దాన్ని తక్కువ చేయను. సమస్య ఏ రూపంలో ఉందో తెలియనప్పుడు మొదట చేయాల్సింది అదే. దాన్నే కొలతగా వాడితే మాత్రం మోసపోతాం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ పాఠశాలల్లో జరిగిన ఒక పరిశోధనలో 100 బడుల ఉపాధ్యాయులకు పిల్లల పరీక్ష ఫలితాల మీద సవివరమైన నివేదికలు, మెరుగుపరిచే సూచనలు ఇచ్చారు. పరిశీలకులు వెళ్లినప్పుడు ఆ బడుల్లో ఉపాధ్యాయులు మరింత చురుగ్గా బోధిస్తూ కనిపించారు. ఏడాది చివర విడిగా పరీక్ష పెడితే ఆ పిల్లలు మిగతా బడుల పిల్లల కంటే ఏమీ మెరుగ్గా లేరు. తరగతి గదిలో కూర్చుని రాసుకున్నదాన్ని నమ్మి ఉంటే ఈ పథకం రాష్ట్రమంతా వెళ్లేది.

ఎంతకాలం చూశామన్నది కూడా లెక్కే. రాజస్థాన్‌లోని ఉదయ్‌పూర్ జిల్లాలో నర్సుల హాజరుకు తేదీ, సమయం ముద్రించే యంత్రాలు పెట్టి, రాకపోతే జీతం కోస్తామన్నారు. మొదటి ఆరు నెలలు హాజరు బాగా పెరిగింది. 16 నెలలు గడిచేసరికి ఆ తేడా మాయమైంది. గైర్హాజరు రోజులను మినహాయింపు రోజులుగా రాయడం పెరిగిపోయింది. ఆరో నెలలో నివేదిక రాసి చేతులు దులుపుకొని ఉంటే దీన్ని విజయగాథ అనేవాళ్లం.

ప్రయోగాత్మకంగా ఒక ఊళ్లో చేసి చూశామనే మాటకు నేను ఇచ్చే విలువ తక్కువ. ఆ ఊరు ఎప్పుడూ మండల కేంద్రానికి దగ్గర్లో, చురుకైన సర్పంచి ఉన్నచోట, సిగ్నల్ బాగుండేచోట ఉంటుంది. ఫారాలు సరిగ్గా ఉన్నాయా, యంత్రం ఎండలో పనిచేస్తుందా, సిబ్బందికి శిక్షణ చాలుతుందా అని చూసుకోవడానికి అది చాలు. ప్రభావం తేల్చడానికి చాలదు. కనీసం ఒక దూరపు తండాను కూడా అందులో చేర్చండి.

అరువు తెచ్చిన ఆధారం

తమిళనాడు 1980లో మొదలుపెట్టిన సమగ్ర పోషకాహార పథకంలో పిల్లల బరువు తూచి, తల్లులకు ఆహారం గురించి చెప్పి, బరువు పెరగని పిల్లలకు అదనపు ఆహారం ఇచ్చేవారు. మంచి ఫలితాలొచ్చాయి. దాని మాదిరిగానే 1995లో బంగ్లాదేశ్‌లో మొదలుపెడితే ఆశించిన ఫలితం రాలేదు. అక్కడి పల్లెల్లో బజారుకు వెళ్లి సరుకులు తెచ్చేది మగవాళ్లు, చాలా ఇళ్లలో వంటింటి పెత్తనం అత్తగారిది. శిక్షణ అంతా కోడలికి ఇచ్చారు. ఆమె నేర్చుకుంది, నిర్ణయం మాత్రం ఆమె చేతిలో లేదు.

వేరే చోటి ఆధారాన్ని పక్కన పెట్టేయమని చెప్పడం లేదు. అందరూ మొదటినుంచీ కనిపెట్టుకుంటూ పోలేం. అక్కడ ఫలితం రావడానికి మధ్యలో ఏమేం జరగాల్సి వచ్చిందో మెట్లుమెట్లుగా రాసుకోండి. ప్రతి మెట్టు దగ్గరా మన ఊళ్లో ఇది ఎవరి చేతిలో ఉంది అని అడగండి. ఈ పనికి పరిశోధకుడి కంటే అంగన్‌వాడీ కార్యకర్త, ఆశా కార్యకర్త మీకు ఎక్కువ ఉపయోగపడతారు.

తక్కువ ఖర్చులో అయ్యేవి రెండు

మొదటిది ఫోను. తెలంగాణలో 2018లో రైతుబంధు మొదటి విడత చెక్కుల పంపిణీ సమయంలో, లాటరీతో ఎంపిక చేసిన మండలాల వ్యవసాయాధికారులకు ఒక సంగతి తెలియజేశారు. రైతులకు ఫోన్ చేసి చెక్కు అందిందో లేదో కనుక్కుంటామని. ఆ మండలాల్లో చెక్కు అందని రైతుల సంఖ్య 7.8 శాతం తగ్గింది. అదనంగా రైతుకు చేరిన ప్రతి వంద రూపాయలకు అయిన ఖర్చు 3 రూపాయల 60 పైసలు. 57 లక్షల మంది రైతుల పథకంలో ఆ మాత్రం తగ్గుదల చిన్నది కాదు. సేవ అందినవారిని నేరుగా అడుగుతారని తెలియడమే పనితీరును మార్చింది. మీ దగ్గర లబ్ధిదారుల నంబర్లు సరిగ్గా ఉంటే, సేవ ఒకసారి అందించి ముగిసేదైతే, అందిందా లేదా అన్న ప్రశ్నకు మొదట దీన్నే ఎంచుకోండి. ఒక్క జాగ్రత్త: ఫోన్ లేనివాళ్లు, ఇంట్లో ఒకే ఫోన్ ఉంటే అది తమ చేతిలో లేని ఆడవాళ్లు, వినికిడి తగ్గిన ముసలివాళ్లు ఇందులోకి రారు. పింఛను, పోషకాహారం విషయంలో మనం వెతుకుతున్నది సరిగ్గా వాళ్లనే.

అలాంటప్పుడు రెండోది, 19 ఇళ్ల పద్ధతి. కర్మాగారాల్లో సరుకు నాణ్యత పరీక్షించే పద్ధతి నుంచి ప్రజారోగ్యంలోకి వచ్చింది. ఒక పర్యవేక్షణ పరిధిలో (ఒక సూపర్‌వైజరు చూసుకునే ప్రాంతంలో) అర్హుల జాబితా నుంచి 19 ఇళ్లను చీటీ తీసి ఎంచుకుంటారు. వందకు ఎనభై మందికి సేవ చేరాలన్నది లక్ష్యమైతే, 19లో 13 లేదా అంతకంటే ఎక్కువ ఇళ్లలో అందితే ఆ పరిధి లక్ష్యాన్ని అందుకున్నట్టు తీసుకోవచ్చు. 12 లేదా అంతకంటే తక్కువైతే అక్కడ ముందుగా దృష్టి పెట్టాలి. 19లో ఎనభై శాతం అంటే 15 కదా, 13 ఎందుకని అడుగుతారు. నిజంగా ఎనభై శాతం అందుతున్న చోట కూడా చీటీల్లో అందని ఇళ్లు కొన్ని ఎక్కువ తగలవచ్చు, ఆ అదృష్ట దురదృష్టాలకు వదిలిన ఖాళీ అది. శాతం ఎంతో ఇది చెప్పదు, చెప్పినట్టు నివేదికలో రాయకండి. పది పరిధుల్లో ఏవి వెనుకబడ్డాయో ఇద్దరు మనుషులు వారం రోజుల్లో తేల్చగలరు. ఒక మండలాధికారికి తర్వాతి వారం ఎక్కడికి వెళ్లాలో తెలియడానికి అది చాలు.

చీటీలు తీసేటప్పుడు జాబితాలోని పేర్లే ఉండాలి, రోడ్డు పక్క ఇళ్లు కాదు. అడిగేవారు ఆ సేవ అందించేవారు కాకూడదు, పక్క ఊరి సిబ్బందిని మార్చుకుంటే సరిపోతుంది. తాళం వేసి ఉన్న ఇంటిని వదిలేసి పక్కింటికి వెళ్లకండి. పక్కింటివారిని అడిగి, సాయంత్రం కూలి నుంచి వచ్చాక మళ్లీ వెళ్లండి. అప్పటికీ లేకపోతే వలస వెళ్లారా, ఆసుపత్రిలో ఉన్నారా, కొడుకు ఇంటికి వెళ్లారా అని రాసుకోండి. నేను చూసినంతలో, సేవ అందని ఇళ్లలో సగం మొదటిసారి వెళ్లినప్పుడు తాళం వేసి ఉన్నవే.